ఊదితేనే బూర

అమెరికాలోని మినెసోటా రాష్ట్రంలో కానన్ నది ఒడ్డున నార్త్‌ఫీల్డ్ అనే ఊరుంది. జనాభా ఇరవై వేలు. ‘ఆవులు, కాలేజీలు, సంతృప్తి’ అన్నది ఆ ఊరివాళ్ళు తరతరాలుగా చెప్పుకునే మాట. ఆవులున్నాయి, చుట్టూ పాడి పొలాలే. కాలేజీలున్నాయి, కార్ల్‌టన్ 1866 నాటిది, సెయింట్ ఓలాఫ్ 1874 నాటిది. సంతృప్తి సంగతి చూడాలంటే మాత్రం వింటేజ్ బ్యాండ్ ఫెస్టివల్ జరిగే రోజుల్లో వెళ్ళాలి. పాత బూరల కోసం ఒక ఊరు ఊరంతా చేసుకునే పండగ అది.

సెయింట్ ఓలాఫ్ కాలేజీలో ట్రాంబోన్, ట్యూబా వంటి మంద్రస్థాయి వాద్యాలు నేర్పిన పాల్ నీమిస్టో చొరవతో 2006లో ఈ పండగ మొదలైంది. ఆ తర్వాత మూడు నాలుగేళ్ళకోసారి జరుగుతూ వచ్చింది. నది పక్కనున్న బ్రిడ్జ్ స్క్వేర్ దీనికి నడివేదిక. నూట యాభై ఏళ్ళ కిందటి సైనిక దుస్తుల్లో, ఆనాటి వాద్యాలతో, ఆనాటి బాణీలు వాయించే బృందాలు వస్తాయి. జనం మడత కుర్చీలు తెచ్చుకుని చెట్ల కింద కూర్చుంటారు. బాల్టీలతో నిమ్మరసం, ఒళ్ళో పిల్లలు, ఎదురుగా ముత్తాతల కాలం నాటి కార్నెట్లు.

ఈ ఊరికి చరిత్రను పండగ చేసుకోవడం కొత్త కాదు. 1876 సెప్టెంబరు 7న జెస్సీ జేమ్స్ ముఠా ఇక్కడి బ్యాంకు మీద పడింది. ఖజానా తెరవనన్నందుకు జోసెఫ్ లీ హేవుడ్ అనే ఉద్యోగిని కాల్చి చంపారు. ఊరి జనం తిరగబడ్డారు, ఏడెనిమిది నిమిషాల్లో ముఠా చెల్లాచెదురైంది. ఆ ఓటమిని ఏటా సెప్టెంబరులో గుర్తు చేసుకుంటారు. బందిపోటును కాక, తాళం ఇవ్వని మనిషిని తలుచుకునే ఊరంటే నాకు మొదటినుంచీ గౌరవం. అలాంటి ఊరు పాత వాద్యాలను కూడా గాజు పెట్టెల్లోంచి తీసి ఊదించిందంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఆ పండగ చుట్టూ, ఆ బూరల చుట్టూ అల్లుకున్న విశేషాలు కొన్ని.

శంఖం ఏ కుటుంబం?

ఇత్తడి వాద్యం అంటే ఇత్తడితో చేసినది అనుకుంటాం. కాదు. పెదవులు బిగించి, వాటి అదురుతోనే గొట్టంలోని గాలిని మోగించే ప్రతి వాద్యమూ ఈ కుటుంబమే. కర్రతో చేసినా, కొమ్ముతో చేసినా, సముద్రంలో దొరికినా సరే. కాబట్టి మన శంఖం ఇత్తడి వాద్యాలకు అక్షరాలా పెద్దమ్మ. పాంచజన్యం, దేవదత్తం, పౌండ్రం అని పేర్లు పెట్టుకున్న శంఖాలన్నీ ట్రంపెట్‌కు చుట్టాలే.

అటువైపు సాక్సోఫోన్ చూడండి. నిలువెల్లా ఇత్తడి. అయినా ఈ కుటుంబంలో దానికి చోటు లేదు. దాన్ని పలికించేది పెదవుల అదురు కాదు, రెల్లు చీలిక. అందుకే సంగీతజ్ఞులు దాన్ని క్లారినెట్ పక్కన, కర్ర వాద్యాల్లో కూర్చోబెడతారు.

ఇంకో పొరపాటు కూడా సరిచేసుకోవాలి. పాత బ్యాండు వాద్యాల్లో చాలా వాటిని ‘జర్మన్ సిల్వర్’తో చేసేవారు. తెల్లగా మెరుస్తుంది. అందులో వెండి రవ్వంత కూడా ఉండదు. రాగి, నికెల్, జింకు కలిపిన లోహం అది.

చర్చిలో పాము

పాత బూరల్లో చూడగానే జనం ఆగిపోయేది సర్పెంట్ దగ్గర. పేరుకు తగ్గట్టే పాములా మెలికలు తిరిగిన ఎనిమిది అడుగుల కర్ర గొట్టం, పైన తోలు తొడుగు, ఆరు రంధ్రాలు. 1590 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని ఓసేర్‌లో ఎడ్మే గియోమ్ అనే మతాధికారి దీన్ని చేశాడని చెబుతారు. చర్చిలో పాడేవాళ్ళ గొంతులకు కింది నుంచి దన్ను ఇవ్వడం దాని పని. మన తంబూరాలా అనుకోండి, కాకపోతే ఇది పాట వెంట నడుస్తుంది. తర్వాత సైనిక బ్యాండ్లలోకి కూడా పాకింది. మెలికలు సోకు కోసం పెట్టినవి కావు. ఎనిమిది అడుగుల గొట్టాన్ని తిన్నగా ఉంచితే రంధ్రాలకు మనిషి చేతులు అందవు.

దాని వారసుడు ఓఫిక్లైడ్. గ్రీకులో ఆ మాటకు ‘మీటల పాము’ అని అర్థం. పారిస్‌లో అలారీ అనే పేరుతో వాద్యాలు చేసిన జాన్ ఇలేర్ అస్తే 1817లో రూపొందించి 1821లో పేటెంటు పొందాడు. మెండెల్‌సన్ ‘మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ ఓవర్చర్‌లో గాడిద ఓండ్రింపు వినిపించే చోట ఇదే పలుకుతుంది. బెర్లియోజ్ 1830 నాటి ‘సింఫనీ ఫాంటాస్టీక్’లో మృత్యుగీతానికి కూడా దీన్నే పిలిచాడు. ఒకే గొట్టానికి గాడిద గొంతూ, చావు గొంతూ! 1835లో బెర్లిన్‌లో వీప్రెఖ్ట్, మోరిట్జ్ కలిసి ట్యూబాకు పేటెంటు తీసుకున్నాక ఓఫిక్లైడ్ రోజులు దగ్గరపడ్డాయి. ఇవాళ ఆర్కెస్ట్రాల్లో దాని పాత్రను ఎక్కువగా ట్యూబానే మోస్తోంది. ట్యూబా గొంతు గుండ్రం. ఓఫిక్లైడ్ గొంతులో ఒక బొంగురు జీర ఉంటుంది. మెండెల్‌సన్ విన్నది ఆ జీరను. పాత వాద్యంతో వాయించినప్పుడే గాడిద గాడిదలా అరుస్తుంది.

నాలుగు స్వరాలు చాలు

మీటలూ వాల్వులూ లేని వట్టి గొట్టం అన్ని స్వరాలూ పలకదు. పెదవులు బిగిస్తూ పోతే గొట్టం పొడవును బట్టి ప్రకృతి ఇచ్చిన మెట్లే దొరుకుతాయి. కింద ఆ మెట్లు దూరదూరంగా, పైకి పోయేకొద్దీ దగ్గరదగ్గరగా ఉంటాయి. మన జాతరల్లో కొమ్ము ఊదేవాళ్ళకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. కొమ్ములో సరిగమలు ఉండవు, ఉన్న రెండు మూడు స్వరాలనే ఎగదోస్తూ దించుతూ ఒళ్ళు గగుర్పొడిచేలా చేస్తారు.

బ్యూగిల్ కూడా అంతే. అమెరికన్ సైనికుల అంత్యక్రియల్లో వినిపించే ‘ట్యాప్స్’ బాణీలో మొత్తం 24 స్వరాలు. వేరువేరు స్థాయులు లెక్కిస్తే నాలుగే. అంతర్యుద్ధం మధ్యలో, 1862 జులైలో, వర్జీనియాలోని హారిసన్స్ ల్యాండింగ్ శిబిరంలో జనరల్ బటర్‌ఫీల్డ్ తన బ్యూగిల్ వాద్యకారుడు ఆలివర్ నార్టన్‌తో దీన్ని ఊదించి సరిచేశాడు. ముందు అది దీపాలార్పే వేళ తెలిపే పిలుపు మాత్రమే.

ఎనిమిది అడుగుల వట్టి ట్రంపెట్‌లో పైమెట్ల మీద రాగం నడపడం మాత్రం సాము గరిడీ లాంటిది. లైప్‌జిగ్‌లో బాఖ్ రాసిన అసాధ్యమైన భాగాలను వాయించినవాడు గాట్‌ఫ్రీడ్ రైఖే. 1734 అక్టోబరులో రాజుగారి ఎదుట రాత్రిపూట ఆరుబయట కచేరీ. ఆ మర్నాడే ఆయన కుప్పకూలి చనిపోయాడు. శ్రమతో పాటు కాగడాల పొగ కూడా ఆయన్ను దెబ్బతీసిందని ఊరి దినచర్యలో రాసుకున్నారు. చుట్ట చుట్టిన ట్రంపెట్ చేతబట్టుకుని ఉన్న ఆయన చిత్రపటం ఇప్పటికీ ఉంది.

మీటకూ వాల్వుకూ పోటీ

బూర చేత అన్ని స్వరాలూ పలికించాలన్న ఆశ తీరడానికి రెండు దారులు దొరికాయి.

మొదటిది మీటల దారి. ఐర్లండ్‌లో కేవన్ దళానికి బ్యాండ్ మాస్టరు జోసెఫ్ హాలిడే. 1810లో ఆయన బ్యూగిల్‌కు రంధ్రాలు చేసి, వాటికి మూతలూ మీటలూ అమర్చి డబ్లిన్‌లో పేటెంటు తీసుకున్నాడు. సన్నాయి తెలిసిన మనకు ఇది సులువుగా అర్థమవుతుంది, రంధ్రం తెరిస్తే గొట్టం పొట్టిదైనట్టే. రెండోది వాల్వు దారి. ప్రష్యాలో స్టోల్ట్‌సెల్ 1814లో మొదలుపెట్టి, 1818లో బ్లూమెల్‌తో కలిసి పేటెంటు పొందాడు. ఇది తలకిందులు ఆలోచన. రంధ్రం తీసి గొట్టాన్ని కుదించడానికి బదులు, వాల్వు నొక్కితే గాలి మరో ముక్క గొట్టంలోకి మళ్ళి దారి పొడవవుతుంది. ఇవాళ పెళ్ళి బ్యాండులో ట్రంపెట్ మీద మూడు వేళ్ళు ఆడే ఆటంతా అదే.

కానీ వాల్వు వెంటనే గెలవలేదు. మీటల బ్యూగిల్ ముప్ఫై నలభై ఏళ్ళు రాజ్యమేలింది. ఆ రాజ్యంలో నాకు అందరికంటే ఇష్టమైన మనిషి ఫ్రాన్సిస్ జాన్సన్. ఫిలడెల్ఫియా వాసి, నల్లజాతి వాద్యకారుడు. అమెరికాలో బానిసత్వం చట్టబద్ధంగా ఉన్న రోజుల్లో సొంత బ్యాండు నడిపాడు, వందల బాణీలు కట్టాడు. 1837లో తన బృందాన్ని ఇంగ్లండ్ తీసుకెళ్ళి వాయించాడు. అమెరికా నుంచి యూరప్ వెళ్ళి కచేరీలు చేసిన మొదటి బ్యాండుగా ఆయన బృందాన్ని చెబుతారు. 1844లో చనిపోయాడు. ఆ పేరు ఇంకా చాలామందికి తెలియాలి.

ఇక పోటీ సంగతి. 1856 డిసెంబరులో మసాచుసెట్స్‌లోని సేలం ఊళ్ళో ఇద్దరు మొనగాళ్ళు ఎదురెదురుగా నిలబడ్డారు. ఒకవైపు నెడ్ కెండల్, మీటల బ్యూగిల్‌లో సాటిలేనివాడు. ఇంకోవైపు ఇరవై ఆరేళ్ళ ప్యాట్రిక్ గిల్మోర్, చేతిలో వాల్వుల కార్నెట్. ‘వుడ్ అప్’ అనే ఒకే బాణీని ఒకరి తర్వాత ఒకరు అందుకుంటూ, విసురుకుంటూ వాయించారు. మన జుగల్‌బందీ లాంటిదే. ఆ రాత్రి ఎవరు గొప్పగా వాయించారన్నది పక్కన పెడితే, కాలం తీర్పు మాత్రం కార్నెట్ వైపే వచ్చింది. కొద్ది ఏళ్ళలో మీటల బ్యూగిల్ అటకెక్కింది. పాత వాద్యాల పండగల్లో దాన్ని మళ్ళీ విన్నవాళ్ళు అనే మాట ఒకటే, అంత మెత్తని గొంతును ఎలా వదులుకున్నారని. కార్నెట్ కంటే బలహీనమే. చెవికి దగ్గరగా మాట్లాడే గొంతు అది.

ఆ కుర్ర గిల్మోరే తర్వాత 1869లో బాస్టన్‌లో శాంతి ఉత్సవం పేరుతో వెయ్యి మంది వాద్యకారులను, పది వేల మంది గాయకులను ఒకచోట చేర్చాడు. ఒక పాటకు తాళం వేయడానికి నూరుగురు అగ్నిమాపక సిబ్బంది చేత దాగలుల మీద సుత్తులతో కొట్టించాడు.

వెనక్కి మోగే బూరలు

నార్త్‌ఫీల్డ్‌కు వచ్చే అంతర్యుద్ధ కాలపు బృందాల చేతుల్లో విచిత్రమైన బూరలు ఉంటాయి. ఊదేది ముందునుంచి, మోగేది వెనక్కి. గొట్టం భుజం మీదుగా పోయి వీపు వెనక నోరు తెరుస్తుంది. కారణం తెలిస్తే చిన్నపిల్లలా సంబరపడతాం. కవాతులో బ్యాండు ముందు నడుస్తుంది, సైనికులు వెనక. వినాల్సింది వాళ్ళు కదా!

న్యూయార్క్‌లో పేరుపొందిన డాడ్‌వర్త్ కుటుంబం 1838లో ఈ రకాన్ని ప్రవేశపెట్టింది. ఆ ఇంటి అలెన్ డాడ్‌వర్తే 1853లో రాసిన బ్యాండు పాఠ్యపుస్తకంలో, ఇవి కవాతుకే పనికొస్తాయి, మిగతా చోట్ల నోరు పైకి ఉన్నవే మేలు, ఏవి ఎంచుకున్నా బ్యాండులో అన్నిటి నోళ్ళూ ఒకే దిక్కున ఉండాలి అని హెచ్చరించాడు. తాను తెచ్చినదాని హద్దు తానే చెప్పిన మనిషి మాటకు విలువ ఎక్కువ. మైదానంలో వేదిక ముందు కూర్చున్న శ్రోతలకు ఈ బూరలు వీపు వినిపిస్తాయి. అందుకే కొన్ని బృందాలు ఒకటి రెండు పాటలకు వెనక్కి తిరిగి నిలబడి వాయిస్తాయి.

యుద్ధం మొదలైన 1861లో ఉత్తరాది సైన్యంలో ప్రతి రెజిమెంటుకూ 24 మంది దాకా బ్యాండు ఉండొచ్చు. ఖర్చు తడిసి మోపెడైంది. 1862 జులైలో కాంగ్రెస్ చట్టం చేసి రెజిమెంటు బ్యాండ్లను రద్దు చేసింది, బ్రిగేడ్‌కు 16 మంది చాలంది. అలా ఇంటికి పంపించిన వాళ్ళలో విస్కాన్సిన్‌లోని బ్రాడ్‌హెడ్ అనే చిన్న ఊరి బ్యాండు ఒకటి. వాళ్ళు ఊరుకోలేదు. 1864లో మళ్ళీ చేరి, ఫస్ట్ బ్రిగేడ్ బ్యాండుగా జనరల్ షెర్మన్ సేన వెంట నడిచారు. వంద ఏళ్ళ తర్వాత, 1960లలో, అదే విస్కాన్సిన్‌లో కొందరు ఔత్సాహికులు ఆ పేరుతోనే ఫస్ట్ బ్రిగేడ్ బ్యాండును మళ్ళీ నిలబెట్టి, ఆ కాలపు వాద్యాలు వెతికి తెచ్చి, బాగుచేయించి వాయించడం మొదలుపెట్టారు. ఇలాంటి బృందాలే లేకపోతే నార్త్‌ఫీల్డ్ పండగ ఉండేది కాదు.

ఫిరంగుల మధ్య పోల్కా

1863 జులై 2, గెటిస్‌బర్గ్ యుద్ధభూమి. దక్షిణాది సైన్యంలో 26వ నార్త్ కరోలినా రెజిమెంటు ముందురోజే నెత్తురుమడుగైంది. దాని బ్యాండువాళ్ళు నార్త్ కరోలినాలోనే ఉన్న మరో సేలం అనే మొరావియన్ క్రైస్తవుల ఊరి కుర్రాళ్ళు, గాయపడిన వాళ్ళకు సేవ చేస్తున్నారు. వాళ్ళను పిలిపించి, మరో రెజిమెంటు బ్యాండుతో కలిపి వాయించమన్నారు. రెండు వైపులా ఫిరంగులు పేలుతుండగా పోల్కాలూ వాల్ట్జ్‌లూ వాయించారు. ఆ రోజు అక్కడే ఉన్న ఫ్రీమాంటిల్ అనే బ్రిటిష్ అధికారి ఫిరంగుల మోత నడుమ ఆ బాణీలు వినిపించిన వింతను తన డైరీలో నమోదు చేసుకున్నాడు.

ఆ కుర్రాళ్ళు వాడిన చేతిరాత స్వరాల పుస్తకాలు ఇంకా ఉన్నాయి. జేబులో పట్టేంత చిన్నవి. వాటిని చూసే ఇవాళ్టి బృందాలు ఆ బాణీలను ఉన్నవి ఉన్నట్టు వాయించగలుగుతున్నాయి. వాద్యం మిగిలితే గొంతు దొరుకుతుంది, పుస్తకం మిగిలితే మాట దొరుకుతుంది. రెండూ మిగలడం అరుదు.

మొరావియన్ల గురించి ఇంకో మాట చెప్పకుండా ముందుకు పోలేను. పెన్సిల్వేనియాలోని బెత్లెహెమ్‌లో వాళ్ళ ట్రాంబోన్ బృందం 1754 నుంచి నడుస్తోంది. ఊళ్ళో ఎవరైనా పోతే చర్చి గోపురం మీదనుంచి ట్రాంబోన్లు ఆ కబురు చెప్పేవి. పోయింది మగమనిషా, ఆడమనిషా, పెళ్ళైనవారా, కానివారా, చిన్నపిల్లా అన్నది బాణీని బట్టే తెలిసిపోయేది. ఊరికి ఊరు చేతిపని ఆపి విని, ఎవరి ఇల్లో ఊహించుకునేది. డప్పు దెబ్బ మారితే అది ఏ కబురో పోల్చుకునే మన పల్లెలకు ఈ సంగతి పరాయిదిగా అనిపించదు.

సేలంలో అయితే 1772 నుంచి ఈస్టర్ తెల్లవారుజామున ఆరుబయట ప్రార్థన జరుగుతోంది. దానికి ముందు చీకటిలోనే బ్యాండు బృందాలు వీధి వీధికీ తిరిగి ఊదుతూ ఊరిని నిద్రలేపుతాయి. ధనుర్మాసంలో తెల్లవారక ముందే హరిదాసు గొంతు విని లేచినవాళ్ళకు ఆ చలి, ఆ చీకటి, ఆ పిలుపు ఎలా ఉంటాయో తెలుసు.

ఏడుగురి సంసారం

పాల్ నీమిస్టో పూర్వీకులు ఫిన్లండ్ వాళ్ళు. అందుకే ఈ పండగలో ఫిన్నిష్ ‘తోర్విసెయిట్సిక్కో’కు ప్రత్యేకమైన పీట. ఆ మాటకు ఏడు బూరల బృందం అని అర్థం. మూడు కార్నెట్లు, ఒక ఆల్టో, ఒక టెనర్, ఒక బారిటోన్, ఒక ట్యూబా. ఫిన్లండ్‌లో అగ్నిమాపక దళాలకు, కార్మిక సంఘాలకు, యువజన సంఘాలకు ఇలాంటి బృందాలు ఉండేవి. ఫిన్లండ్ జాతి స్వరకర్త సిబేలియస్ కూడా ఈ ఏడింటి కోసం కొన్ని రచనలు చేశాడు.

పని వెతుక్కుంటూ ఉత్తర మినెసోటా ఇనుప గనులకు వలస వచ్చిన ఫిన్‌లు తమతో ఈ ఏడు బూరల అలవాటును తెచ్చుకున్నారు. పగలంతా గనిలో గడ్డపార, సాయంత్రం చేతిలో కార్నెట్. నీమిస్టో ఆ కథను వెతికి పుస్తకంగా రాశాడు, 1990లో ‘అమెరికన్ పోయాట్’ అనే బృందాన్ని కూడా కట్టాడు. ‘అమెరికా కుర్రాళ్ళు’ అని దాని అర్థం. వలస వెళ్ళినవాడి పెట్టెలో బూరకు చోటు దొరికిందంటే, ఇంకే వస్తువునో వదిలి వచ్చి ఉంటాడు.

శ్రుతి కుదరని తాతలు

పాత కార్నెట్‌నూ కొత్త కార్నెట్‌నూ పక్కపక్కన పెట్టి ఊదితే కీచుమంటుంది. తప్పు ఎవరిదీ కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో బ్యాండ్ల శ్రుతి ఎక్కువ, ఇవాళ 440 హెర్ట్జ్‌గా స్థిరపడిన స్వరం అప్పట్లో 452 పైచిలుకు ఉండేది. అంటే దాదాపు పావు స్వరం తేడా. బ్రిటన్ బ్రాస్ బ్యాండ్లయితే 1960ల దాకా ఆ ఎత్తు శ్రుతినే పట్టుకుని ఉన్నాయి. తర్వాత వాద్యాలను మార్చారు, వీలైనవాటికి గొట్టాలు పొడిగించారు, మిగతావి మూలపడ్డాయి. అందుకే పాత వాద్యాల బృందంలో అందరివీ పాతవే ఉండాలి. ఒక్కరు కొత్తది తెచ్చినా కచేరీ చెడుతుంది.

సాక్స్ ఇంటి పేరు

సాక్సోఫోన్ ఒక్కటే కాదు, ఆడాల్ఫ్ సాక్స్ చేతినుంచి సాక్స్‌హార్న్‌లు కూడా వచ్చాయి. చిన్నదాని నుంచి పెద్దదాని దాకా ఒకే పోలికలో ఉండే బూరల కుటుంబం. 1845 ఏప్రిల్ 22న పారిస్‌లోని షాంప్ ద మార్స్ మైదానంలో వేలాది జనం ముందు పాత సైనిక బ్యాండుకూ సాక్స్ బ్యాండుకూ పోటీ పెట్టారు. సాక్స్ గెలిచాడు. అంతర్యుద్ధ కాలంలో అమెరికన్లు భుజం మీద వేసుకున్న బూరలు చాలావరకు ఈ కుటుంబానివే.

సూసాఫోన్‌ది మరో దారి. బ్యాండు మాస్టర్ సూసా కోరిక మీద 1890లలో తయారైంది. మొదటి రకం నోరు తిన్నగా ఆకాశంలోకి ఉండేది. వాన పడితే నీళ్ళు పట్టేదని దానికి ‘వానపట్టీ’ అని పేరు పెట్టారు.

ఊపిరి పోస్తుంది, తింటుంది

మ్యూజియంలో బూరను ఎందుకు ఊదనివ్వరో తెలుసా? మన ఊపిరిలో తడి ఉంటుంది, ఉమ్మిలో లవణాలు ఉంటాయి. లోపలి గోడ మీద చేరి ఇత్తడిలోని జింకును మెల్లగా లాగేస్తాయి. మిగిలిన రాగి ఎర్రటి మచ్చలుగా కనిపిస్తుంది, కొన్నాళ్ళకు చిల్లి పడుతుంది. వాద్యానికి గొంతునిచ్చే ఊపిరే దాన్ని కొరికి తింటుంది.

దక్షిణ డకోటాలోని వెర్మిలియన్‌లో ఉన్న నేషనల్ మ్యూజిక్ మ్యూజియం వంటి చోట్ల వేలాది వాద్యాలను భద్రంగా దాచారు. ఆ జాగ్రత్త అవసరం, నాకు అందులో సందేహం లేదు. ఒక రకం బూర ప్రపంచంలో ఒకటే మిగిలితే దాన్ని ఊది అరగదీయడం తప్పు. కానీ వందల్లో తయారై అటకల మీద పడున్న కార్నెట్‌కు ఆ నియమం వర్తించదు. వాయించి, ఆరబెట్టి, తుడిచి, నూనె పెట్టి చూసుకుంటే అది ఇంకో తరానికి అందుతుంది. నార్త్‌ఫీల్డ్‌కు వచ్చేవాళ్ళు చేస్తున్నది అదే. ఒకే ఒక్కటి మిగిలినచోట అచ్చంగా దాని కొలతలతో నకలు చేయించుకుంటారు.

1939లో బీబీసీ ఈ హద్దు దాటింది. ఈజిప్టు రాజు టూటన్‌ఖామున్ సమాధిలో దొరికిన రెండు బూరలను, ఒకటి వెండిది, ఒకటి కంచుది, కైరో నుంచి ప్రసారంలో ఊదించింది. ఊదినవాడు జేమ్స్ టాపర్న్ అనే బ్రిటిష్ సైనిక వాద్యకారుడు. మూడు వేల ఏళ్ళ మౌనం తర్వాత ఆ గొంతులు రేడియోలో వినిపించాయి. రికార్డింగు ఇప్పటికీ దొరుకుతుంది, వింటే రోమాలు నిక్కబొడుచుకుంటాయి. ఆ కంచు బూర 2011 అల్లర్లలో కైరో మ్యూజియం నుంచి దొంగలపాలై, కొన్ని వారాలకు తిరిగి దొరికింది.

మన వీధిలోకి వస్తే

మా చిన్నప్పుడు పెళ్ళి ఊరేగింపులో పెట్రోమాక్స్ లైట్ల వెనక నడిచే బ్యాండు మేళంలో నాకు అందరికంటే గొప్పవాడు యూఫోనియం వాయించే ఆయన. పాట ఆయన వాయించడు, పాట కింద నేల వేస్తాడు. ఆ వాద్యాల్లో చాలా వాటి పుట్టిల్లు మీరట్. అక్కడి జలీ కోఠీ పేటలో వీధులకు వీధులు బ్యాండు వాద్యాల పనివాళ్ళే. 1885లో పుట్టిన నాదిర్ అలీ కంపెనీ వాటిలో పెద్ద పేరు. సైనిక బ్యాండు పెళ్ళి పందిట్లోకి వచ్చిన దారి అదే.

అంతకంటే పాత దారి ఇంకొకటుంది. మద్రాసు సెయింట్ జార్జి కోటలో ఆంగ్లేయుల బ్యాండు వాయించిన బాణీలు విని, ముత్తుస్వామి దీక్షితులు వాటికి శంకరాభరణంలో సంస్కృత సాహిత్యం కూర్చాడు. వాటినే నొట్టుస్వరాలు అంటారు. నలభై దాకా ఉన్నాయి. ‘సంతతం పాహిమాం’ విన్న బ్రిటిష్ వాడెవడైనా లేచి నిలబడాల్సిందే, అది వాళ్ళ రాజగీతం బాణీ మరి. ఇవాళ సంగీతం నేర్చుకునే పిల్లలు వాటిని పాడుతున్నప్పుడు, రెండు వందల ఏళ్ళ కిందటి ఒక కోట బ్యాండును పాడుతున్నారు.

మనకే సొంతమైన బూరలూ ఉన్నాయి. గోదావరి పరిసరాల్లోని డోలీ కోయల మేళంలో డోలుతో పాటు ఇత్తడి అక్కుం, తూత కొమ్ము ఉంటాయి. సమ్మక్క సారలమ్మ కథ చెప్పేటప్పుడు మోగేది ఆ మేళమే. ఆ కథలను డోలుతో గానం చేసిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. అక్కుం ఊదేవాళ్ళు ఇప్పుడు కొద్దిమందే. నార్త్‌ఫీల్డ్ మాదిరిగా ఒక ఊరు తన చౌరస్తాలో అక్కుం, కొమ్ము, కాహళి, పాత బ్యాండు వాద్యాలు ఒక్క పూట ఊదించుకుంటే ఎంత బాగుండు! మ్యూజియం కట్టడానికి కోట్లు కావాలి. దీనికి ఒక రావిచెట్టు నీడ, ఊదేవాళ్ళకు దారిఖర్చులు, భోజనం ఉంటే సరిపోతుంది.

చిట్టచివరి బూర

1931లో ఫ్రాన్స్ దక్షిణాన పిరెనీస్ కొండల్లోని మార్సులా గుహలో ఒక పెద్ద శంఖం దొరికింది. తాగే పాత్ర అనుకుని తులూజ్ మ్యూజియంలో ఎనభై ఏళ్ళకు పైగా ఉంచేశారు. ఈమధ్య మళ్ళీ పరీక్షించి చూస్తే, కొనను కావాలనే విరగ్గొట్టారని, లోపల ఎర్రరంగు వేలిముద్రలు ఉన్నాయని తేలింది. వయసు సుమారు 18,000 ఏళ్ళు. 2021లో ఆ సంగతి లోకానికి చెప్పారు. పరిశోధకులు ఒక హార్న్ వాద్యకారుణ్ణి పిలిచి, మెల్లగా ఊదమన్నారు. మూడు స్వరాలు పలికింది, ఒకదానికొకటి దగ్గరగా. అసలుదాన్ని మళ్ళీ శ్రమపెట్టకుండా దాని నకలు చేసుకున్నారు. ఆ మూడు స్వరాల రికార్డింగు ఎవరైనా వినొచ్చు. అర నిమిషం కూడా ఉండదు.